గాలికి కొలతలు

సిరిసిల్లలో మా మేనమామ ఎనిమిది సాంచాలు నడుపుతాడు. మరమగ్గం, పవర్‌లూమ్ అన్న మాటలు కాగితాల్లో ఉంటాయి గానీ, అక్కడి మనుషుల నోట అవి సాంచాలే. రేకుల షెడ్డు, వరసకు నాలుగు చొప్పున రెండు వరసలు, మధ్యలో మనిషి నడిచేంత దారి. మే నెలలో మా వైపు ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ రోజుల్లో కూడా మామ షెడ్డులో ఫ్యాను తిప్పడు. గాలి తగిలితే పోగులు చెదురుతాయి, తెగితే అతికే పని మళ్లీ ఆయనదే. పోయినేడు ఎండాకాలం ఆ సాంచాల మధ్యనే కళ్లు తిరిగి పడిపోయాడు. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. మూడో రోజు మళ్లీ పనికి పోయాడు. మీటరు లెక్కన కూలి మరి, నేస్తేనే పైసలు.

ఆయన కొడుకు, అంటే మా బామ్మర్ది, నాచుపల్లిలో మెకానికల్ చదువుతున్నాడు. జగిత్యాల దాటి కొండగట్టు దగ్గర 2007లో మొదలైన జేఎన్‌టీయూ కాలేజీ అది. నేనూ అక్కడే మెకానికల్ చదివి, అందరిలాగే హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌లో పడ్డాను. నాన్న పడిపోయాక వాడు మినీ ప్రాజెక్టుకు ఆ షెడ్డునే తీసుకున్నాడు. వేడి గాలి ఎక్కడ ఆగుతోందో, పోగుల జోలికి పోకుండా దాన్ని ఎటునుంచి బయటికి పంపొచ్చో కంప్యూటర్‌లో చూడాలని వాడి ఆలోచన.

కోరుట్లలో మా ఇంటికి ఒక ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చాడు. నెల రోజులు కష్టపడి త్రీడీలో సాంచాను గీశాడు. పళ్ల చక్రాలు, నాడె, చివరికి నట్లు కూడా ఉన్నాయి. చూడటానికి ముచ్చటగా ఉంది. ఈ పనికి మాత్రం పనికిరాదు.

"సాంచాను గీయకురా, గాలిని గీయి" అన్నాను.

వాడు నా దిక్కు వింతగా చూశాడు. గాలి లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో అసలు సంగతి ఇదే. మనం తయారు చేయాల్సింది వస్తువును కాదు, వస్తువు చుట్టూ ఉన్న ఖాళీని. సాంచా ఉన్నచోట ఏమీ ఉండదు, ఒక గుంత ఉంటుంది అంతే. నట్లు, పళ్లు గాలికి పట్టవు. దానికి సాంచా అంటే నడుమెత్తు డబ్బా.

మేం వాడింది ఓపెన్‌ఫోమ్. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో పుట్టిన ప్రోగ్రామ్, 2004 నుంచి అందరికీ ఉచితం. లక్షల రూపాయల లైసెన్సులు కొనలేని కాలేజీలకు ఇదొక దారి. ఐఐటీ బాంబేలోని ఫోసీ ప్రాజెక్టు వాళ్లు దీన్ని మన దేశంలో విద్యార్థుల దాకా తెస్తున్నారు. ఉచితమే గానీ మొదట్లో భయపెడుతుంది. బ్లాక్‌మెష్ అనే దాని పనిముట్టులో మౌస్‌తో డబ్బా లాగడం ఉండదు. ఒక టెక్స్ట్ ఫైలు తెరిచి, డబ్బా ఎనిమిది మూలలూ అంకెల్లో రాయాలి. లెక్క సున్నాతో మొదలు. కింది నాలుగు మూలలు 0, 1, 2, 3. వాటి నెత్తిన అదే వరసలో 4, 5, 6, 7. పై నుంచి చూస్తే కింది నాలుగూ గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరగాలి. ఆ వరస తప్పితే డబ్బా తిరగేసిన దిండు గలేబులా లోపలిది బయటికొస్తుంది, ఘనపరిమాణం మైనస్‌లో పడుతుంది.

వాడికి మొదటి డబ్బాకే అది జరిగింది. "బావా, అర్రకు మైనస్ సైజు ఎట్ల వస్తది?" అన్నాడు. కుడి చెయ్యి చాపి, నాలుగు వేళ్లు మూలలు తిరిగిన దిక్కుకు మడవమన్నాను. బొటనవేలు నేలను చూపించింది. పైకి చూపించాలి. పక్కనే చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతున్న మా అమ్మ, మా ఇద్దరి వేళ్ల తిప్పుడు చూసి నవ్వింది. కత్తిరించిన తునికాకును క్షణంలో గొట్టం చేసే వేళ్లు ఆమెవి. ఆ పని మాకు టెక్స్ట్ ఫైలులో రాయాలంటే పూట పడుతుంది.

షెడ్డు 12 మీటర్ల పొడుగు, 6 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు. ఖాళీ షెడ్డయితే ఒక్క డబ్బా చాలు. మధ్యలో ఒక సాంచా పెట్టామా, షెడ్డును పొడుగులో మూడు, వెడల్పులో మూడు, ఎత్తులో రెండు ముక్కలు చేయాలి. మొత్తం 18. అందులో సాంచా ఉన్నచోటి ముక్కను రాయకుండా వదిలేయాలి, మిగిలేవి 17. ఎనిమిది సాంచాలకైతే 90 ముక్కలు, వదిలేసేవి 8, రాయాల్సిన మూలలు 180. చేత్తో రాస్తే ఎక్కడో ఒకచోట వరస తప్పక మానదు. అందుకని ఆ అంకెలు రాసిపెట్టే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ ఇద్దరం కలిసి రాశాం. నా ఉద్యోగం చుట్టాలకు పనికొచ్చిన మొదటి సందర్భం బహుశా అదే.

ఇక ముక్కల్ని గళ్లుగా కోయాలి. పది సెంటీమీటర్ల గడి అయితే షెడ్డు మొత్తానికి 2,88,000 గళ్లు. ఇంకా వివరంగా చూద్దామని గడిని సగం చేస్తే లెక్క రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు. 23 లక్షలు దాటుతుంది, వాడి ల్యాప్‌టాప్ మోయదు. పది సెంటీమీటర్లతోనే సరిపెట్టుకున్నాం. ఒక్కో మోటారు ఒక హెచ్‌పీ అనుకున్నాం. తినే కరెంటు దాదాపు అంతా చివరికి వేడే అవుతుంది కాబట్టి, ఎనిమిదింటికి కలిపి ఆరు వేల వాట్లు. అంటే మే నెలలో ఆరు రూమ్ హీటర్లు పెట్టుకొని బట్ట నేసినట్టు. రేకుల నుంచి దిగే వేడి దీనికి అదనం.

రాత్రంతా నడిచి తెల్లారేసరికి బొమ్మ వచ్చింది. కిటికీల పై అంచు ఏడడుగుల దగ్గర ఉంది. దానికంటే పైన అంతా ఎరుపే. వేడి గాలి రేకుల కింద చేరి, బయటికి దారి లేక అక్కడే నిలబడింది. రెండు చివరల గోడల్లో కప్పు దగ్గర సందులు పెట్టి మళ్లీ నడిపితే ఎరుపు పలచబడింది. పోగులుండే మూడడుగుల ఎత్తులో గాలి వేగం పెద్దగా పెరగలేదు. మాకు కావాల్సింది అదే.

బొమ్మను మామకు ఫోన్‌లో చూపిస్తే ఆయన అడిగిన మొదటి మాట, "ఇండ్ల నేనేడ ఉన్న?"

బామ్మర్ది ఏమీ అనలేదు. ఆ రాత్రి రెండు వరసల మధ్య దారిలో ఇంకో గుంత కలిపాడు. అడుగున్నర వెడల్పు, ఐదున్నర అడుగుల ఎత్తు. సాంచాల కంటే ఎత్తైనది కాబట్టి షెడ్డు మొత్తాన్నీ ఎత్తులో ఇంకో ముక్క కోయాల్సి వచ్చింది. ఒక్క మనిషిని నిలబెట్టడానికి ఫైలంతా మారింది.

ఆసామి మాత్రం అంత తొందరగా ఒప్పుకోలేదు. షెడ్డు కిరాయిది, గోడకు సందు పెడితే వాన కొట్టి బట్ట తడిస్తే ఎవరిది పూచీ అన్నాడు. ఆయన అడిగింది న్యాయమే, ఆయనా అప్పుల్లోనే ఉన్నాడు. సందుపైన చూరులాగా వాలుగా రేకు దించితే ఒక్క గోడకు చూద్దామన్నాడు. ఆ వాలును ఇప్పుడు ఫైలులో పెట్టాలి. డబ్బా అన్నాం గానీ ఆ ఎనిమిది మూలలు నలుచదరంగానే ఉండాలని లేదు, పై మూలల్ని పైకో కిందికో జరిపితే కప్పు వాలుతుంది. ఎంత జరపాలో తెలియాలంటే అసలు కొలతలు కావాలి. మొన్న మామే నిచ్చెన ఎక్కి టేపు పట్టి, అడుగులూ అంగుళాలూ ఫోన్‌లో చెప్పాడు. బామ్మర్ది వాటిని మీటర్లలోకి మారుస్తున్నాడు.