ఐస్‌క్రీమ్ పుల్లలు

జూన్ 12
ఒక్క పిల్లకి నలుగురు డాక్టర్లు. దవడ సర్జన్, పిల్లల పళ్ల డాక్టరు, క్లిప్పులు వేసే ఆయన, మత్తు ఇచ్చే మేడమ్. స్కేలు పెట్టి కొలిచారు. 4 మిల్లీమీటర్లు. బుజ్జిదాని నోరు తెరుచుకునేది అంతే. స్కాన్‌లో ఎడమ చెవి ముందు కీలే లేదు, ఎముక ముద్ద. మూడేళ్లప్పుడు మేడమెట్ల మీద పడింది. గడ్డానికి కుట్లు వేసి పంపేశారు. దవడ ఎవరు చూశారు?

జూన్ 20
గురక గురించే ఎక్కువ అడిగారు. కింది దవడ ఎదగక గాలి దారి ఇరుకైందట. రాత్రంతా వైర్లతో నిద్ర పరీక్ష. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. క్లాసులో నిద్రపోతోందని టీచరు ఎన్నిసార్లు రాసిందో. బద్ధకం కాదు కదా అది...

జూలై 4
"నోరు తెరవదు కదమ్మా, ముక్కులోంచి సన్న కెమెరా గొట్టం దించి దారి చూసుకోవాలి. ముందు పని నాదే," అన్నారు మత్తు మేడమ్. పక్కటెముక చివర మెత్తటి ముక్క తీసి కీలు చోట పెడతారు. పిల్లతో పాటు పెరగాలి. ఒక్కోసారి అతిగానూ పెరుగుతుందట. రెండూ చెప్పారు. దాచలేదు, అదే ధైర్యం.

జూలై 5
35 మిల్లీమీటర్లు. ఆపరేషన్ అయ్యాక సర్జన్ గారు బయటికొచ్చి ముందు చెప్పింది ఆ అంకే.

జూలై 13
ఇప్పుడంతా ఫిజియోథెరపీ అమ్మాయి చేతిలో, నా చేతిలో. పళ్ల మధ్య ఐస్‌క్రీమ్ పుల్లల దొంతర. ఇంకో పుల్ల దూర్చగానే ఏడుపు. "పసిదాన్ని ఇంత హింసా? ఆపమ్మా," అంటారు అత్తయ్య. ఆపితే మళ్లీ ఎముక అతుక్కుంటుంది. నెలల తరబడి చేయాలి. నన్ను చూస్తేనే మొహం తిప్పేస్తోంది.

ఆగస్టు 9
రెండు పుల్లలు తగ్గాయి. వాపా? భయానికి బిగిస్తోందా? నొప్పి మందు వేశాక కాసేపాగి చేయమంది ఫిజియోథెరపీ అమ్మాయి.

ఆగస్టు 24
ఇవాళ పుల్లలు అత్తయ్యే పట్టుకున్నారు. పుల్లకో పొడుపుకథ. ఏడుస్తూనే జవాబు ఆలోచిస్తోంది.

సెప్టెంబర్ 15
పళ్ల డాక్టరుకి వెనక పళ్లు ఇన్నాళ్లకి కనిపించాయి. పుచ్చినవే ఎక్కువ. బ్రష్ అక్కడికి ఎప్పుడు వెళ్లింది గనక!

నవంబర్ 2
31. గారె కొరికింది. గడ్డం ఇంకా ఎడమకే. ఎదుగుదల చూసి క్లిప్పులు, బహుశా ఇంకో ఆపరేషన్. ఎదిగే వయసు దాటేదాకా చూపిస్తూనే ఉండాలి.
రేపు అంగన్‌వాడీ టీచరుకి చెప్పాలి. గడ్డం మీద పడిన పిల్లని కుట్లతో వదిలేయొద్దు. నోరు ఎంత తెరుస్తోందో చూడాలి, చెవుల ముందు ఎక్స్‌రే తీయించాలి.