భైరి డేగ ఎవరిది?

మంచు దేశాల పెద్ద డేగ జిర్‌ఫాల్కన్ కరీంనగర్ ఎండలకు దిగిరాదు. దాని దగ్గరి చుట్టం భైరి డేగ మాత్రం ఉత్తర ధ్రువ సీమల్లో పొదిగి, చలికాలానికి మన దేశం చేరుతుంది. ఈ వలస ఉపజాతికి 1790లో పక్షి శాస్త్రవేత్త లాథమ్ పెట్టిన పేరు 'కాలిడస్'. లాటిన్‌లో వెచ్చనిది అని అర్థం. పుట్టిల్లు మంచులో, పేరు వేడిలో! మరి అది ఎవరి పక్షి? నా లెక్కన, తిండి పెట్టిన నేలకూ అందులో వాటా ఉంది. దిగువ మానేరు, కడెం లాంటి జలాశయాల మీద ఎగిరే బాతులూ పావురాలూ దానికి ఆహారమే.

నాలుగు నెలల చుట్టానికి మన పూచీ ఏమిటని అడగవచ్చు. డీడీటీ కథే జవాబు. పురుగు తిన్న మందు పిట్టకూ, పిట్ట నుంచి డేగ కొవ్వులోకీ చేరింది. గుడ్డు పెంకు పలచబడి, పొదిగే తల్లి బరువుకే చిట్లింది. ఇక్కడ తిన్న విషం అక్కడి గూటిని ఖాళీ చేయగలదు. మందు లేకుంటే ఆదిలాబాద్ పత్తి రైతు బతికేదెట్లా అన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ అడిగేది మందు మానమని కాదు, ఏ మందు, ఎంత అని. అమెరికా 1972లో డీడీటీని నిషేధించాక అక్కడ భైరి కోలుకుంది. 1999లో ప్రమాద జాబితా దాటింది. మన సేద్యంలో 1989లో ఆపారు, పత్తి ఆగలేదు.