గుత్తి ఆరెస్

గుత్తికి టిక్కెట్టు కొని రైలు దిగినవాడు ఇంకా గుత్తి చేరనట్టే. స్టేషన్ బయటికి రాగానే ఆటో అబ్బాయి అడుగుతాడు: "ఊర్లోకా సార్?" మరి మనం నిలబడింది ఎక్కడ? ఆరెస్‌లో. రైల్వే స్టేషన్‌కు పెట్టుకున్న పొట్టిపేరు పోనుపోను ఒక పేట పేరయింది. కోట కింద ఊరు, ఊరికి ఎడంగా ఆరెస్. 1871లో రాయచూరు దగ్గర రెండు కంపెనీల పట్టాలు కలిసి మద్రాసుకూ బొంబాయికీ దారి పడినప్పుడు, ఆ దారి కోట దాకా రాలేదు. మరాఠా సర్దారు మురారిరావు కోటకు మైసూరు హైదరలీ అంతటివాడు ముట్టడికి వచ్చాడు గాని, రైలు మాత్రం దూరం నుంచే చూసి పోయింది.

పేరుకు చిన్న స్టేషనే. పట్టాలు మాత్రం గుంతకల్లు వైపు, డోన్ వైపు, అనంతపురం వైపు, తాడిపత్రి మీదుగా రేణిగుంట వైపు చీలిపోతాయి. ఏ బండిలో చూసినా తిరుపతికి గుండు కొట్టించుకోను పోయేవాళ్లో, కొట్టించుకుని వచ్చేవాళ్లో ఉంటారు.

నాకీ స్టేషన్ మీద ప్రేమ పుట్టించింది మాత్రం రైళ్లు కాదు, ఒక సాలెపురుగు. పందొమ్మిదో శతాబ్దం చివర ఇక్కడి రైల్వే కట్టెల దొడ్డిలో దొరికింది. 1899లో పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త దాన్ని లోకానికి పరిచయం చేశాడు. జానెడు పురుగు, ఒళ్లంతా నెమలికంఠం నీలం. ఆ నీలం రంగు పూత కూడా కాదు, ఒంటి మీది అతి సన్నని అమరికకు వెలుగు తగిలి పుట్టే మాయ. తర్వాత నూరేళ్లకు పైగా మళ్లీ ఎవరికీ కనబడలేదు. కనబడేదెట్లా? దాని ఊరు గుత్తి అయితే గదా! 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో చెట్టుతొర్రల్లో దొరికింది. అక్కడి దుంగల్లో దాక్కుని, టిక్కెట్టు లేకుండా రైలెక్కి గుత్తిలో దిగి ఉంటుందని పెద్దల ఊహ. ఎండకు రాళ్లు పగిలే ఈ నేలలో అడవి పురుగుకు ఇంకేం పని?

ఇప్పుడు విదేశాల్లో గాజుపెట్టెల్లో దాన్ని పెంచుకునేవాళ్లు కూడా, గుత్తిని ఇంగ్లీషులో పలికినట్టు, గూటీ, గూటీ అనే పిలుస్తారు. సొంత అడవిలోనేమో అది అంతరించిపోయే అంచున ఉంది.

ఇంకో గూటీ కూడా ఉంది. ఇంజన్ల మీద వాటి షెడ్డు పేరు రాస్తారు. ఇక్కడి షెడ్డు ఇంజన్లు ఆ పేరు వీపున మోసుకుని, గుత్తి ఎక్కడుందో తెలియని ఊళ్లన్నీ తిరుగుతుంటాయి. మొన్న ప్లాట్‌ఫారం మీద టీ తాగుతుంటే గూడ్సు ఒకటి వచ్చింది. ఇంజను మీద గూటీ అని పెద్దక్షరాలు. సొంతూరే గదా, ఆగుతుందేమోనని చూశాను. కూత వేసి, గుంతకల్లు వైపు పోయింది.