ముల్లు చెప్పేది ఒకటి, కిలోమీటర్లు చెప్పేది మరొకటి

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లు దాటుకుని లోపలి వీధుల్లోకి వెళ్తే, మీటర్లు బాగుచేసే కొట్లు ఒకటీ అరా ఇంకా కనిపిస్తాయి. మేం వెళ్లింది అలాంటి ఒక ఇరుకు గదికి. గోడ పొడుగునా మేకులకు వేలాడే స్పీడో కేబుళ్లు, బల్ల మీద అద్దాలు ఊడదీసిన డయళ్లు. నూజివీడు దగ్గర మామిడి తోట ఉన్న ఒక మిత్రుడు తన మహీంద్రా ఎంఎం 540 జీపును అక్కడికి తీసుకెళ్తుంటే నేనూ వెంట బయల్దేరాను.

కాయ కోతల రోజుల్లో దుక్కి నేల మీదా, వాగులోనూ తిరిగేది ఆ జీపే. పాత 6.00-16 టైర్లు అరిగాక, బురదలో పట్టు కోసం 7.00-16 వేయించారు. ఆ తర్వాత కొంతకాలానికి మీటరు మీద నమ్మకం పోయింది. ముల్లు 50 మీద ఉంటే ఫోనులో జీపీఎస్ 60 చూపిస్తోంది. తోట బాటలో దీనికి పెద్ద పట్టింపు లేదు. హనుమాన్ జంక్షన్ దగ్గర హైవే ఎక్కితే మాత్రం కెమెరా పట్టేది అసలు వేగాన్నే. బ్రేకు తొక్కాక బండి ఆగే దూరం కూడా అసలు వేగాన్ని బట్టే ఉంటుంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 117వది మీటరుకు 10 శాతం వరకే తేడాను ఒప్పుకుంటుంది. 60కి 50 చూపే మీటరు ఆ హద్దు దాటినట్టే.

మేస్త్రి వెంటనే స్క్రూడ్రైవరు అందుకుంటారనుకున్నాను. ఆయన చేతులు తుడుచుకుని ఒక్క ప్రశ్న వేశారు: "కిలోమీటర్లు ఎలా పడుతున్నాయండీ?"

ఫోను లెక్కలో 40 కిలోమీటర్లు వచ్చినప్పుడు మీటరులో 37.6 తిరిగిందని మా మిత్రుడు చెప్పారు.

"అయితే రెండు రోగాలండీ. ఒకటి టైర్లది, ఒకటి మీటరుది."

ఆ మాట నాకు బోధపడటానికి ఆయన ఒక పాత మీటరు విప్పి చేతిలో పెట్టారు. వెనక కేబుల్ వచ్చి తగిలే చోట ఒక చిన్న అయస్కాంతం. దాని మీద, దానికి తగలకుండా, పల్చటి అల్యూమినియం గిన్నె. ముల్లు ఆ గిన్నె ఇరుసుకే ఉంటుంది. అయస్కాంతం అల్యూమినియాన్ని లాగదు. కానీ పక్కనే గిరగిరా తిరిగితే గిన్నెలో సుడి ప్రవాహాలు పుట్టి, గిన్నె కూడా తిరగబోతుంది. వెంట్రుకంత సన్నటి స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఈ రెండు లాగుళ్లూ ఎక్కడ సరితూగితే ముల్లు అక్కడ నిలబడుతుంది. స్ట్రాస్‌బర్గ్‌కు చెందిన ఒట్టో షుల్జ్ 1902లో పేటెంటు తీసుకున్న ఏర్పాటు ఇది. కిలోమీటర్ల చక్రాల సంగతి వేరు. వాటికి అయస్కాంతంతో పనిలేదు, కేబుల్ తిప్పిన తిప్పుడు పళ్ల చక్రాల మీదుగా నేరుగా వాటికి చేరుతుంది. కాబట్టి కిలోమీటర్లు తగ్గితే తప్పు మీటరుకు బయట, టైరులోనో, కేబుల్‌ను తిప్పే చిన్న పళ్ల చక్రం పినియన్‌లోనో ఉంటుంది. కిలోమీటర్లు సరిగ్గా పడుతూ ముల్లు మాత్రమే తప్పితే తప్పు మీటరు లోపల. మా జీపులో కిలోమీటర్లు 6 శాతం తగ్గాయి, ముల్లు దాదాపు 17 శాతం తగ్గింది. మధ్యలో మిగిలిన తేడా బలం తగ్గిన అయస్కాంతానిది.

చాలాచోట్ల ముల్లు పీకి కాస్త ముందుకు జరిపి గుచ్చి పంపేస్తారు. అది మరమ్మతు కాదు, మోసం. ఈ జీపు ముల్లును 10 ముందుకు జరిపితే 60 దగ్గర సరిపోతుంది, 30 దగ్గర 35 చూపిస్తుంది, బండి ఆగి ఉన్నా సున్నాకు రాదు. అయస్కాంతానికి మరీ బలం పెంచి టైరు తప్పును కూడా అందులోనే కలిపేసే వాళ్లున్నారు. అప్పుడు ముల్లు బాగానే ఉంటుంది గానీ కిలోమీటర్లు తక్కువే పడుతుంటాయి. ఆయిలు మార్చే గడువూ, లీటరు డీజిలుకు ఎంత వస్తోందన్న లెక్కా రెండూ తప్పుతాయి.

ముందు టైరు లెక్క. గాలి సరిచూసి, డ్రైవరు సీట్లో మనిషిని కూర్చోబెట్టి, వెనక టైరు మీదా నేల మీదా సుద్దగీత గీశారు. జీపును నెమ్మదిగా తోయించి, టైరు పది చుట్లు తిరిగాక టేపు పట్టారు. 23 మీటర్ల 60 సెంటీమీటర్లు. టైరు పక్కన రాసి ఉన్న సైజుతో ఎందుకు లెక్కేయకూడదని అడిగాను. బండి బరువుకు టైరు అణుగుతుందనీ, కాగితం మీద వచ్చే చుట్టుకొలత రోడ్డు మీద రాదనీ అన్నారు. పాత టైరు ఒక చుట్టుకు 2.22 మీటర్లు పోయేదని ఆయన పుస్తకంలో ఉంది. కొత్తది 2.36 పోతోంది. తేడా 6 శాతం పైచిలుకు, సరిగ్గా కిలోమీటర్లు చెప్పినంత.

తర్వాత మీటరును బల్ల మీది మోటారుకు తగిలించి, 60 చూపించాల్సిన వేగంతో తిప్పారు. ముల్లు 53 దగ్గర ఆగింది. అయస్కాంతాన్ని తీగచుట్టలో పెట్టి క్షణంసేపు కరెంటు ఇచ్చారు. ఈసారి ముల్లు 60 దాటిపోయింది. కావాలనే అలా చేస్తారట. నిండుగా బలం పట్టించి, అక్కణ్నుంచి కొద్దికొద్దిగా తగ్గిస్తూ వస్తే ఆ బలం చాలాకాలం నిలుస్తుంది. తగ్గించడం, మోటారు తిప్పడం, ముల్లు చూడటం, మళ్లీ తగ్గించడం. 60 దగ్గర కుదిరాక 30, 80 దగ్గర కూడా సరిచూశారు. ఆ ఓపిక చూస్తూ కూర్చోవడం నాకు ఎంతో బాగుంది.

నెమ్మదిగా వెళ్లేటప్పుడు ముల్లు వణుకుతోందని చెబితే కేబుల్ లోపలి తీగను బయటికి లాగారు. రెండు కొసలూ పట్టుకుని వంచి, వేళ్ల మధ్య తిప్పారు. ఒకచోట ఎగిరిపడింది, అంటే అక్కడ వంగిపోయిందన్నమాట. కొత్త తీగకు కిందిభాగం వరకే పల్చగా గ్రీజు రాసి, మీటరు వైపు జానెడు పొడిగా వదిలేశారు. గ్రీజు పైకి పాకి మీటరులో చేరితే గిన్నె అయస్కాంతానికి అతుక్కుని ముల్లు ఒక్కసారిగా చివరికి ఎగురుతుందట.

మిగిలింది పినియన్. జీపు కిందకు దూరి ట్రాన్స్‌ఫర్ కేస్ దగ్గర కేబుల్ నట్టు విప్పి, నూనె కారుతున్న పినియన్‌ను బయటికి తీశారు. 17 పళ్లు. పాత సామాను డబ్బాలో వెతికి 16 పళ్లది పట్టుకున్నారు. పన్ను ఒకటి తగ్గితే కేబుల్ 6 శాతం ఎక్కువ తిరుగుతుంది, పెద్ద టైరు పోగొట్టిన లెక్క అక్కడ తిరిగొస్తుంది. నూనె పైకి పాకకుండా సీలు కూడా కొత్తది వేశారు. ఈ జీపుల్లో మీటరుకు తిప్పుడు వచ్చేది హై-లో గేర్లు దాటాక ఉన్న షాఫ్టు నుంచే. అందుకే లో గేరులో వాగు దాటుతున్నా మీటరు లెక్క చెడదు. దీన్ని తయారుచేసిన వాళ్ల ముందుచూపు మెచ్చుకోదగ్గది.

హైవే మీద తిన్నగా పోనిచ్చి చూశాం. ముల్లు 60, ఫోను 58. ఆ రెండు కిలోమీటర్ల తేడా ఎందుకు మిగిల్చారని అడిగితే, టైర్లు అరిగేకొద్దీ తేడా ఇంకాస్త ఆ పక్కకే పెరుగుతుందనీ, ముల్లు ఎక్కువ చూపినా ఫరవాలేదు గానీ తక్కువ చూపకూడదనీ అన్నారు. యూరప్ నిబంధన కూడా అదే, అసలు వేగం కంటే మీటరు ఎప్పుడూ తక్కువ చూపకూడదు. 7.00-16 టైరు, 2.36 మీటర్లు, 16 పళ్లు అని ఒక అట్టముక్క మీద రాసి, డ్యాష్‌బోర్డు లోపలివైపు అతికించారు. టైర్లు మళ్లీ మార్చినప్పుడు పని మొదలుపెట్టే మేస్త్రికి అది కావాలి.