మూడు నెలల ఆలస్యం

నాన్న పోయిన పదో రోజు, కాలవ గట్టున మంగలి ముందు కూర్చున్నప్పుడు నాకొచ్చిన మొదటి ఆలోచన నాన్న గురించి కాదు. "ఇది మళ్ళీ వస్తుందా?" అని. పక్కన మా బాబాయి కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. తల వంచుకుని ఉన్నాను కాబట్టి నేనూ ఏడుస్తున్నాననే అనుకుని ఉంటాడు. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

నాకు ఇరవై తొమ్మిదో ఏట నుంచే జుట్టు పల్చబడుతోంది. హైదరాబాద్ బోరు నీళ్ళ వల్ల అనుకున్నాను. తర్వాత హెల్మెట్ వల్ల, నైట్ షిఫ్టుల వల్ల. అమ్మ పాత హార్లిక్స్ సీసాలో గుంటగలగరాకు నూనె కాచి పంపేది. ఉల్లిపాయ రసం రెండు నెలలు రాశాను, ఇల్లంతా కర్రీ పాయింటు వాసన. ఆన్‌లైన్‌లో బయోటిన్ బిళ్ళలు తెప్పించాను. నా ఉద్యోగమేమో లాగ్స్ చూసి బగ్ ఎక్కడుందో తేల్చడం. నా తల విషయంలో మాత్రం ఒక్క లాగ్ కూడా చూడకుండా ఒకేసారి నాలుగు ప్యాచ్‌లు వేశాను.

డాక్టర్ దగ్గరికి ఎందుకు వెళ్ళలేదంటే, సిగ్గు. మన కథల్లో, సినిమాల్లో బట్టతల ఎక్కువగా నవ్వించడానికే వస్తుంది. '101 జిల్లాల అందగాడు' (2021)లో అవసరాల శ్రీనివాస్ పాత్ర తన బట్టతలని విగ్గు కింద దాచుకుంటుంది. నవ్వుకుంటూనే చూశాను. మధ్యలో లేచి అద్దం ముందుకెళ్ళి పాపిడి సరిచేసుకున్నాను. రోగమైతే మందడగొచ్చు, జోకుకి మందేమిటని అడుగుతాం?

నిజం చెప్పాలంటే గుండు చేయించుకున్నాక హాయిగా అనిపించింది. గుండు చూసి ఎవరూ ఏమీ అడగరు. ఆఫీసులో అందరూ గొంతు తగ్గించి మాట్లాడారు. వీడియో కాల్‌లో కెమెరా ఏ కోణంలో పెట్టాలన్న బెంగ లేదు. ఆ హాయికి మళ్ళీ సిగ్గు.

మూడో నెల దాటాక దిండు మీద గోరంత వెంట్రుకలు కనిపించడం మొదలైంది. పొద్దున్న తువ్వాలు నిండా అవే. మా ఆవిడ ఒకరోజు దిండు గలీబు విప్పి నా చేతిలో పెట్టి, "నూనెలు చాలుగానీ, స్కిన్ డాక్టర్‌కి చూపించుకో" అంది.

డాక్టరుగారు తల చూడకముందే అడిగారు: "రెండు మూడు నెలల క్రితం ఏమైనా జరిగిందా అండీ? పెద్ద జ్వరం, ఆపరేషన్, బరువు బాగా తగ్గడం?"

"మా నాన్నగారు పోయారండి."

ఆవిడ రాయడం ఆపారు. "తిండి, నిద్ర ఎలా ఉన్నాయి అప్పుడు?"

లేవు. ఆ నెలలో ఆరు కిలోలు తగ్గాను. అదంతా కర్మల హడావిడి అనుకున్నాను.

ఆవిడ చెప్పింది ఇదీ. తల మీద వెంట్రుకల్లో ఎక్కువ భాగం ఎప్పుడూ పెరిగే దశలో ఉంటాయి, కొద్ది భాగం విశ్రాంతిలో. శరీరానికి గట్టి దెబ్బ తగిలితే చాలా కుదుళ్ళు ఒక్కసారే విశ్రాంతిలోకి జారిపోతాయి. ఆ దశ రెండు మూడు నెలలుంటుంది. అందుకే రాలడం అప్పుడు కాదు, ఇప్పుడు. దీని పేరు టెలోజెన్ ఎఫ్లూవియం. డెంగీ, టైఫాయిడ్ తర్వాత, కాన్పు తర్వాత కూడా ఇలాగే జరుగుతుందట.

తర్వాత చిన్న దుర్భిణి లాంటి డెర్మోస్కోప్ తల మీద ఆనించి, స్క్రీన్ మీద చూపించారు. వెనక భాగంలో వెంట్రుకలన్నీ ఒకే లావు. నడినెత్తిన మాత్రం లావువాటి పక్కనే నూలు పోగుల్లాంటివి. "మీకు రెండు సమస్యలున్నాయండి. ఒకటి వచ్చి పోయేది, ఇంకోటి ఉండిపోయేది."

ఉండిపోయేది వంశపారంపర్యం. టెస్టోస్టెరాన్‌ని ఒక ఎంజైమ్ డీహెచ్‌టీగా మారుస్తుంది. దానికి లొంగే కుదుళ్ళలో పెరిగే దశ తగ్గుతూ పోతుంది, ప్రతి విడతా వెంట్రుక ఇంకాస్త సన్నగా వస్తుంది. రోజుకి యాభై, వంద రాలడం అందరికీ మామూలే. రాలినదాని చోట ఏది మొలుస్తోందన్నదే అసలు లెక్క. ఇన్నాళ్ళూ నేను బాత్రూమ్ జాలీలో లెక్కపెట్టింది తప్పు అంకె. గుండు కొట్టించినంత మాత్రాన ఒత్తుగా రాదు, పల్చగానూ రాదు. కుదురు చర్మం లోపల ఉంటుంది, కత్తి అక్కడిదాకా వెళ్ళదు. కాలవ గట్టున అడగని ప్రశ్నకి జవాబు అదీ.

రక్తపరీక్షలకి ముందు బయోటిన్ ఆపమన్నారు, థైరాయిడ్ రిపోర్టుని అది తప్పుదారి పట్టిస్తుందట. మందు మినాక్సిడిల్. ఇంటికొచ్చి చదివాను. అది మొదట బీపీ మాత్ర. మింగినవాళ్ళకి ఒళ్ళంతా వెంట్రుకలు రావడం గమనించి తలకి పూసే మందుగా మార్చారు, 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. నాన్న చొక్కా జేబులో ఎప్పుడూ రెండే ఉండేవి: బీపీ మాత్రల షీటు, చిన్న దువ్వెన. దువ్వడానికి ఏమీ మిగలకపోయినా ఆ దువ్వెన మానలేదు.

రెండో మందు ఫినాస్టరైడ్, ఆ ఎంజైమ్‌ని ఆపేది. పనిచేస్తుంది. కానీ కొద్దిమందిలో లైంగిక సమస్యలు, దిగులు రావచ్చు. మేం పిల్లల కోసం ప్రయత్నిస్తున్నామని చెప్పాను. "ఇప్పుడు మీ మనసూ బాగాలేదు. దిగులు మందు వల్లో, మనిషి లేనందువల్లో రేపు మనకి తెలియదు. ఆర్నెల్లాగి మాట్లాడుకుందాం" అన్నారు. అంత సూటిగా ఎవరూ నాతో మాట్లాడలేదు ఆ మధ్య.

మొదటి కొన్ని వారాలు ఇంకా రాలింది. అలా జరగొచ్చని ముందే చెప్పారు కాబట్టి మానెయ్యలేదు. మానేస్తే వచ్చింది కొన్ని నెలల్లో పోతుందని కూడా చెప్పారు. ఆర్నెల్లకి ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే నడినెత్తి కాస్త నిండింది. కణతల దగ్గర రాలేదు, రాదేమో. ఫినాస్టరైడ్ సంగతి ఇంకా తేల్చుకోలేదు.

డాక్టరుగారు చెప్పింది శరీరం గురించే. అయినా నేను దాన్ని నాకు కావలసినట్టు విన్నాను. గట్టున కూర్చుని జుట్టు గురించి ఆలోచిస్తున్నప్పుడు, నాకు తెలియకుండానే తలలో కుదుళ్ళు ఒక్కొక్కటీ ఆగిపోతున్నాయి. నాకు తెలిసింది మూడు నెలల తర్వాత. దీన్ని సాకు అంటారేమో, అనండి.

మొన్న సంవత్సరీకానికి ఊరెళ్ళాను. అమ్మ నా తల నిమిరి, "అచ్చం మీ నాన్న తలేరా" అంది. ఇదివరకైతే ఆ మాటకి చెయ్యి తోసేసేవాణ్ణి. సీసాలో మళ్ళీ నూనె పోసిచ్చింది. తెచ్చుకున్నాను. రాసుకోవడం లేదు గానీ, బాత్రూమ్ అరలో మినాక్సిడిల్ పక్కనే పెట్టాను.