ఎవరు బలిసేర్రా?

మైకు ముందు పరువు పోగొట్టుకున్న వాళ్ళలో నేనూ ఒకణ్ణి!

1980ల్లో విశాఖలో డిగ్రీ వెలగబెడుతున్న రోజులు. మద్రాసు వెళ్ళి డబ్బింగ్ చెప్పేయాలని నా కల. మా ఫిల్మ్ సొసైటీలో ఓ సాయంత్రం విస్కోంటి తీసిన 1951 నాటి ఇటాలియన్ చిత్రం వేశారు. చిన్నకూతుర్ని ఎలాగైనా తారని చెయ్యాలని రోములోని చినెచిత్తా స్టూడియోకి తీసుకెళ్ళే తల్లి కథ. తల్లిగా అన్నా మాన్యాని. పరిచయ వాక్యాలు చెప్పే భాగ్యం నాది. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పేరు చూసి, గొంతు సవరించుకుని, "బెలిసీ...మా!" అన్నాను.

"ఎవరు బలిసేర్రా?" అని వెనక బెంచీ కేక. హాలు గొల్లుమంది.

ఇంటికి నడుస్తూ, ఇక జన్మలో మైకు పట్టనన్నాను. మావయ్య నవ్వేడు. ఆయన హార్బర్లో టాలీ క్లర్కు. ఇటలీ ఓడలొస్తే నావికుల దగ్గర నాలుగు మాటలు పట్టుకొచ్చేవాడు. సిగరెట్ పెట్టె మీద తెలుగులో "బెల్లిస్సిమ" అని రాసి చదవమన్నాడు. ఈసారి 'స్సి'ని గట్టిగా నొక్కేను.

"ఒత్తు 'సి' కింద ఉందని అక్కడే ఒత్తీసేవేటిరా? దాని ముందు అక్షరం చూడు!"

అక్కడుంది కిటుకు. మనం జంట హల్లుని ఒకే అక్షరంలో రాస్తాం. ఇటాలియన్ వాళ్ళు మధ్యకి చీలుస్తారు: బెల్-లిస్-సి-మ. నొక్కు 'లిస్' మీద. అలాగని 'లీ' అని సాగదీయకూడదు. 'అమ్మ'లో ద్విత్వానికి ముందున్న 'అ' గురువని బళ్ళో చదువుకోలేదూ? అదే లెక్క! మన లెక్కలో 'బెల్' కూడా గురువే గానీ, వాళ్ళు నొక్కేది 'లిస్' ఒక్కటే. 'బెల్లో' అంటే అందమైన. అందులో నొక్కు 'బెల్' మీద ఉంటుంది. 'మహా అందమైన' అనడానికి 'ఇస్సిమో' తగిలించగానే ముందుకి జరిగి 'బెల్లిస్సిమో'లో 'లిస్' మీద కూర్చుంటుంది. ఆడవాళ్ళకైతే 'బెల్లిస్సిమ'.

మనకి మాత్రం లేదా ఈ సరదా? చివర చిట్టచివరవుతుంది, మొదట మొట్టమొదటవుతుంది, పగలు పట్టపగలవుతుంది. వాళ్ళు మాట తోకకి 'స్స' కడితే మనం తలకి 'ట్ట' కడతాం. చిన్నయసూరి సంధి ఇంత కమ్మగా ఏ మాస్టారూ నాకు చెప్పలేదు.

ఇల్లు చేరేదాకా ఇరవైసార్లు అనిపించేడు. గుమ్మంలో, "ఏదీ, మీ అత్తయ్యని చూసి చెప్పు!" అన్నాడు.

"బెల్-లిస్-సి-మ!"

అత్తయ్య వంటింట్లోంచి తొంగి చూసి, "బెల్లమా? నిన్ననే అయిపోయింది బాబూ," అంది.