పొలముల ఆకారములు

భూమి అందరికిని ఒక్కటే యైనను, మానవుడు దానిని హద్దులు పెట్టి పంచుకొన్న తీరు దేశమునకొక విధముగా నున్నది. నా చదువు మెట్రిక్కుతో ఆగినది. ముప్పది యేండ్లకు పైగా ఒక కార్యాలయమున గుమాస్తాగా భూముల పటములకు నకళ్లు తీసితిని. ఆ పటములే నాకు భూగోళ పాఠములైనవి.

హైదరాలీ జన్మస్థానమని ప్రసిద్ధి గాంచిన మా బూదికోట ప్రాంతము రాతిగుట్టల సీమ. ఇచ్చటి మెట్టచేలు గుట్టవాలును అనుసరించి, గుండ్లను చుట్టుకొని వంకరటింకరగా నుండును. రాగిచేల నడుమ సాళ్లలో అనుములు వేయుదురు. చెరువు క్రింది కయ్యలు చిన్నవి. ఏలనగా వరికి నీరు మట్టముగా నిలువవలెను. వాలు హెచ్చినకొలది కయ్య ఇరుకగును. ఫిలిప్పీన్సు దేశమున ఇఫుగావో కొండలపై మెట్లు మెట్లుగా నున్న వరిమళ్లకును ఇదియే సూత్రము. వానిని 1995లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిరి.

పొలము రూపమును నాగలియు నిర్ణయించును. ఇంగ్లండులో పెక్కు ఎద్దులు లాగు బరువైన నాగలిని మాటిమాటికి త్రిప్పుట కష్టము. అందుచే అచ్చటి పూర్వపు చేలు పొడవైన పట్టీలు. వారి ఫర్లాంగు అనగా చాలు పొడవు, 220 గజములు. దానికి 22 గజముల వెడల్పు చేర్చిన ఒక ఎకరము. మన నాగలి తేలిక. ఒక్క జత ఎద్దులు చాలును. నిలువుగా దున్ని, పిదప అడ్డముగా ఇరువాలు దున్నుటకు చదరపు చేనే అనుకూలము.

అమెరికాలోనైతే 1785 నాటి చట్టము కొండను, వాగును చూడక నేలను ఆరేసి మైళ్ల చదరములుగా గీచెను. ఒక్కొక్క చదరమున 640 ఎకరముల భాగములు 36. పిమ్మట కొలరాడో రైతు ఫ్రాంక్ జైబాక్ 1952లో హక్కుపత్రము పొందిన, కేంద్రము చుట్టు తిరుగు నీటిగొట్టముతో చదరములలో గుండ్రని చేలు వెలసినవి. నాలుగు మూలలు పొడిగా మిగులును.

కెనడాలోని క్విబెక్కున ఫ్రెంచివారు సెయింట్ లారెన్సు నదికి ప్రతి పొలము తాకునట్లు సన్నని పట్టీలు గీచికొనిరి. తరతరమునకు వానిని నిలువుగా పంచుకొనుటచే అవి మరింత సన్నబడెను. ఈ సంగతి చదివినప్పుడు నాకు మా యిల్లే గుర్తునకు వచ్చెను.

మా తండ్రిగారి తరి రెండెకరములు: కాలువ వెంబడి 264 అడుగులు, లోపలికి 330 అడుగులు. మేము నలుగురు అన్నదమ్ములము. అడ్డముగా పంచినచో క్రిందివారి నీరు పైవారి దయపై ఆధారపడును. కావున నిలువుగా పంచుకొంటిమి. తలకు 66 అడుగుల వెడల్పు, 20 గుంటలు. రెండేసి అడుగుల వెడల్పుగల మూడు క్రొత్త గెనిమలు సుమారు రెండు గుంటల నేలను మ్రింగివేసినవి.

ఇప్పుడు నా కుమారులిద్దరు పంపకము కోరుచున్నారు. పెద్దవాడు బెంగుళూరున ఉద్యోగి, చిన్నవాడు సేద్యగాడు. ఒక్కొక్కరికి వచ్చునది 33 అడుగుల వెడల్పు మాత్రమే. దానిలో ట్రాక్టరు అడ్డముగా దున్నుటకు వీలుండదు. అట్టి పట్టీని సేద్యమునకు కొనువారు అరుదు. ముప్పది, నలువది అడుగుల ఇండ్ల స్థలములు వేయువారే ముందుగా వచ్చెదరు.

నేను వారితో ఇట్లంటిని: "పహణీలో పేర్లు వేరుగా వ్రాయించుకొనుడు. రెండు కొసలను రాళ్లు నాటుకొనుడు. నడుమ గెనిమ మాత్రము వేయకుడు. తమ్ముడు దున్నును, పంటలో అన్న భాగము అన్నకు చేరును."

చిన్నవాడు ఒప్పుకొనెను. పెద్దవాడు ఆలోచించి చెప్పెదననెను. హక్కు కాగితముపై ఎంత సన్నని గీతగానైనను ఉండవచ్చును. నాగలికి మాత్రము తిరుగుటకు చోటు కావలెను. నకళ్లు తీసిన నా చేతికి తెలిసిన సత్యమిది. ఇట్టి పంపకములు ముందున్న మన తెలుగు కుటుంబములవారు, గొలుసు పట్టుటకు ముందు ఒకమారు దీనిని యోచింతురు గాక.